కోరంగి: సముద్రం దాటిన ఊరి పేరు

కాకినాడ నుంచి యానాం వెళ్లే దారిలో, తాళ్లరేవు సమీపాన కోరంగి అనే ఊరున్నది. గోదావరి పాయ ఒకటి ఆ పక్కగా పోయి సముద్రంలో కలుస్తుంది. ఆ నీటి ఒడ్డున దట్టమైన మడ అడవులున్నాయి. మామూలు చెట్ల వేళ్లు నేలలోకి దిగుతాయి గదా! మడ చెట్ల వేళ్లు కొన్ని బురదలోంచి మేకుల్లాగా పైకి పొడుచుకు వస్తాయి. ఆ బురదలో గాలి ఆడదు. అందుచేత చెట్టు ఆ వేళ్లతోనే గాలి పీల్చుకుంటుంది. ఈ అడవిలో నీటిపిల్లులు, నీటికుక్కలు తిరుగుతాయి. 1978లో దీనిని అభయారణ్యంగా ప్రకటించారు.

ఈ బురదనేల ఒకప్పుడు పేరుపొందిన రేవు అంటే మీరు నమ్ముతారా? ఇక్కడ ఓడలు కట్టేవారు. దెబ్బతిన్న ఓడలను బాగుచేసేవారు. అయితే 1789లో ఒకసారి, 1839లో మరొకసారి పెద్ద తుఫాను వచ్చి, సముద్రం ఊరిమీదికి పొంగింది. దానికి తోడు గోదావరి ఏటేటా తెచ్చిపోసే ఒండ్రువల్ల రేవు మేటవేసింది. లోతు లేని చోటికి పెద్ద ఓడ రాలేదు. వ్యాపారమంతా కాకినాడకు తరలిపోయింది.

రేవు పోయినా దాని పేరు మాత్రం సముద్రం దాటింది. బంగాళాఖాతానికి ఆవలి ఒడ్డున బర్మా దేశమున్నది. దానినే ఇప్పుడు మయన్మార్ అంటున్నారు. అక్కడ తెలుగువారిని ‘కొరింగీలు’ అని పిలిచేవారు. కోరంగి రేవునుంచి వచ్చినవారని దాని అర్థం. తరువాత తెలుగువారు విశాఖపట్నంలో ఓడ ఎక్కినా, కాకినాడలో ఎక్కినా అక్కడ దిగేసరికి కొరింగీలే అయ్యేవారు.

వారు అంత దూరం ఎందుకు వెళ్లారు? 1852 నాటికే దిగువ బర్మా ఇంగ్లీషువారి చేతికి వచ్చింది. 1869లో సూయజ్ కాలువ తెరవడంతో ఐరోపాకు దారి దగ్గరైంది. బర్మా బియ్యానికి గిరాకీ పెరిగింది. ఇరావతి నదీముఖంలో అడవులు కొట్టి వరిపొలాలు చేశారు. కోతకు, మిల్లుకు, రేవుకు మనుషులు కావలసి వచ్చారు. ఇక్కడ మన తీరప్రాంతంలో పనిలేని నెలలు, తీరని అప్పులు ఉండేవి. మేస్త్రీ ఊరికి వచ్చి, ఓడ ఛార్జీకీ ఇంటి ఖర్చుకూ ముందుగా కొంత డబ్బు ఇచ్చేవాడు. ఆ బాకీని అక్కడ కూలిలోంచి విరగ్గోసుకునేవాడు.

తీరం వెంబడి పల్లెల్లో రంగూను పట్టణాన్ని ‘రంగం’ అనేవారు. రంగం వెళ్లినవారు ఓడలకు బస్తాలు ఎత్తారు, మిల్లుల్లో ధాన్యం మోశారు, రిక్షాలు లాగారు, వీధులు ఊడ్చారు. ఒక్కొక్క గదిలో చాలామంది ఇరుక్కుని పడుకున్నారు. 1931 జనాభా లెక్కల నాటికి రంగూను జనంలో సగానికి మించి భారతీయులే.

సొంత ఊళ్లోనే తాము తక్కువైపోయామని బర్మావారికి బాధ కలగదా? వారిలోనూ బీదలున్నారు, వారికీ కూలిపని కావాలి. 1930 మే నెలలో రంగూను రేవులో తెలుగు కూలీలు ఎక్కువ కూలి అడిగి పని మానుకున్నారు. యజమానులు బర్మా కూలీలను పెట్టుకున్నారు. సమ్మె తీరి పాతవారు తిరిగి రాగానే కొత్తవారిని పొమ్మన్నారు. బీదవానికీ బీదవానికీ కొట్లాట జరిగింది. నూరుమందికి పైగా చనిపోయారు. వారిలో ఎక్కువమంది భారతీయులు. ఊరిని తెలిపే ‘కొరింగీ’ అనే మాట క్రమంగా తిట్టుగా మారిపోయింది.

అప్పటికి బర్మా బ్రిటిష్ ఇండియాలో ఒక రాష్ట్రం. కాబట్టి రంగూను వెళ్లడం పరాయి దేశం వెళ్లడం కాదు. 1937 ఏప్రిల్ 1న బర్మాను వేరుచేశారు. సముద్రం మారలేదు, ఓడ మారలేదు. పటం మీద ఒక గీత మాత్రం కొత్తగా పడింది. నిన్నటివరకు ఒకే ఏలుబడిలో ఉన్నవాడు ఈవేళ పరదేశి అయినాడు.

1941 డిసెంబరు 23న జపానువారు రంగూను మీద బాంబులు వేశారు. ఓడల్లో చోటు దొరకనివారు నడక సాగించారు. కొందరు అరకాను కొండలు దాటి చిట్టగాంగు వైపు వచ్చారు. కొందరు తాము ఊరి మీదుగా మణిపూరు చేరారు. ఇంకా కొందరు హుకాంగ్ లోయ గుండా అస్సాం చేరారు. 1942లో ఇలా అన్ని దారులా వచ్చిన భారతీయులు నాలుగైదు లక్షలు ఉంటారు. ఆకలితో, కలరాతో, మలేరియాతో దారిలోనే వేలమంది ప్రాణాలు విడిచారు.

అలా వచ్చినవారిని మన పెద్దలు ‘కాందిశీకులు’ అన్నారు. ఇది సంస్కృత పదం. ‘కాం దిశం’ అంటే ‘ఏ దిక్కుకు?’ అని అర్థం. ఏ దిక్కుకు పోవాలో తెలియక పరుగెత్తేవాడే కాందిశీకుడు.

యుద్ధం ముగిశాక కొందరు తిరిగి బర్మా వెళ్లారు. 1962లో అక్కడ సైనిక ప్రభుత్వం వచ్చింది. 1964లో దుకాణాలను ప్రభుత్వం తీసుకున్నది. పెద్ద నోట్లు చెల్లవన్నది. లక్షకు మించిన భారతీయులు మళ్లీ ఇల్లు విడిచారు. వారిలో అక్కడే పుట్టి, అక్కడి భాష మాట్లాడుతూ పెరిగినవారున్నారు. ఓడ దిగిన తరువాత వారు ఇక్కడా కొత్తవారే అయినారు. విశాఖపట్నంలో కంచరపాలెం దగ్గర బర్మా క్యాంపు అనే పేట నేటికీ ఉన్నది. అక్కడ ఉన్నప్పుడు కోరంగివారు. ఇక్కడికి వస్తే బర్మావారు!

నేను పనిచేసిన బడిలో ఇటుకబట్టీల పనికి వలస వచ్చినవారి పిల్లలు చేరుతుండేవారు. హాజరుపట్టీలో వారికి చక్కని పేర్లుండేవి. అయినా తోటిపిల్లలు వారిని ఊరి పేరుతోనో, భాష పేరుతోనో పిలిచేవారు. అందులో చెడ్డ ఉద్దేశం లేకపోవచ్చు. కానీ ‘కొరింగీ’ అనే మాటకూ మొదట్లో చెడ్డ ఉద్దేశం లేదు.

పిల్లలూ! మీ తరగతిలోకి ఈ ఏడు కొత్త పిల్లవాడెవడైనా వస్తే, ఏ ఊరని తప్పక అడగండి. ఆ ఊళ్లో నది ఉన్నదా, ఏ పంట పండుతుంది, ఏమి తింటారు అని కూడా అడగండి. కానీ పిలిచేటప్పుడు మాత్రం, వాళ్ల అమ్మ పెట్టిన పేరుతోనే పిలవండి.