పాటలో ఎవరి వాటా ఎంత?

ముంబయి రహదారి మీద పటాన్‌చెరు దాటి సంగారెడ్డి వైపు వస్తుంటే ఇస్నాపూర్ చౌరస్తా తగులుతుంది. అక్కడ చీలే దారి పాశమైలారం పారిశ్రామికవాడకు పోతుంది. మా తమ్ముడు ఆ దారిన మొదట సైకిలు మీద, తర్వాత మోపెడు మీద ఇరవై ఏళ్లు డ్యూటీకి వెళ్లాడు. వాడికి రెండు పనులుండేవి. ఒకటి ప్రెస్ షాపులో రేకులు కొట్టడం. రెండోది పెళ్లిళ్ల కాలంలో సంగారెడ్డి బ్యాండు మేళంతో కలిసి క్లారినెట్టు వాయించడం. మొదటి పనితో ఇల్లు గడిచేది. రెండో పనితో వాడు గడిచేవాడు.

2007లో ఒక రాత్రి షిఫ్టులో వాడి ఎడమచెయ్యి ప్రెస్సులో పడింది. ఉంగరపు వేలు, చిటికెన వేలు పోయాయి. ఫ్యాక్టరీ పేరు ఇక్కడ అనవసరం. కొంత పరిహారం ముట్టింది, గేటు దగ్గర రిజిస్టరు రాసే పని ఇచ్చారు. ఇల్లు మునుపటిలాగే గడిచింది. కానీ క్లారినెట్టులో పై మూడు రంధ్రాలను ఎడమచేతి వేళ్లే మూయాలి. మూడో రంధ్రం ఉంగరపు వేలిది. అది తెరుచుకునే ఉంటే కింది స్వరాలేవీ పలకవు. వాడు వాద్యాన్ని గుడ్డలో చుట్టి అటక మీద పెట్టాడు.

ఆ వేసవిలో మేళం వాడు లేకుండానే పెళ్లిళ్లకు పోయింది. వాడి చోట ఎవరినీ పెట్టుకోలేదు, ఉన్న ట్రంపెట్టులతోనే సరిపెట్టారు. క్లారినెట్టు ఏదీ అని పెళ్లివారు ఒక్కరూ అడగలేదట. ఆ మాట ఎవరో వాడి చెవిన వేశారు. వేళ్లు పోయిన బాధకంటే ఆ 'అడగలేదట' అన్న మాటే వాణ్ని ఎక్కువ కాలం పట్టి పీడించింది. ఇంట్లో రేడియో మోగినా లేచి బయటికి వెళ్లిపోయేవాడు.

2011లో మా అబ్బాయి అమెరికా నుంచి సెలవులకు వస్తూ ఒక పెద్ద అట్టపెట్టె మోసుకొచ్చాడు. అందులో ఎక్స్‌బాక్స్ 360 యంత్రం, రెండు ప్లాస్టిక్ గిటార్లు, నాలుగు పళ్లేల డ్రమ్ములు, కాలితో తొక్కే ఒక పెడలు, ఒక మైకు. ఆటపేరు రాక్ బ్యాండ్. అది 110 ఓల్టుల యంత్రం కావడంతో పటాన్‌చెరులో ఒక స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మరు కొనితెచ్చి తగిలించాము. ఇంటివాడు ఇదంతా పిల్లకాయల వ్యవహారం అనుకున్నాడు. ఆ ఇంటివాణ్ని నేనే.

ఈ జాతి ఆటలు తెలియని మిత్రుల కోసం కొంచెం వివరిస్తాను. జపానులో కొనామీ సంస్థ 1999లోనే గిటార్ ఫ్రీక్స్ అనే ఆటను తెచ్చింది. అమెరికాలో హార్మోనిక్స్ సంస్థ 2005లో గిటార్ హీరోను, 2007లో రాక్ బ్యాండ్‌ను తయారుచేసింది. తెర మీద రోడ్డులాంటి పట్టీ మనవైపు జారుతూ వస్తుంటుంది. దాని మీద ఆకుపచ్చ, ఎరుపు, పసుపు, నీలం, నారింజ రంగుల బిళ్లలు. బిళ్ల గీత దగ్గరికి రాగానే ఒక చేత్తో ఆ రంగు మీట నొక్కి, రెండో చేత్తో తీగలాంటి పట్టెను మీటాలి. బేస్ గిటారుకు మరో పట్టీ, డ్రమ్ములకు ఇంకో పట్టీ, పాడేవారికి పైన సాహిత్యంతో పాటు పారే ఒక గీత. ఒకే పాట నలుగురి ముందు నాలుగు రూపాలలో పారుతుంది.

డిస్కులో ఇచ్చినవి కాక ప్రతి మంగళవారం అంగడిలోకి కొత్త పాటలు వచ్చేవి. ఒక్కోటి సుమారు రెండు డాలర్లు. ఆ దింపుకోలు పాటల జాబితాలో నాకు మొదట నచ్చిన విషయం ఒకటుంది. ప్రతి పాట పక్కనా వాద్యానికొక వరుస చొప్పున చుక్కలుంటాయి. ఎన్ని చుక్కలుంటే ఆ వాద్యానికి ఆ పాట అంత కష్టం. మరీ కష్టమైతే చుక్కలు పోయి దయ్యపు తలలు వస్తాయి. గిటారుకు దయ్యాలున్న పాట గాయకుడికి ఒకటి రెండు చుక్కలతో తేలిపోవచ్చు. విన్నప్పుడు ఒక్కటిగా ఉన్న పాట, వాయించబోతే నలుగురికి నాలుగు రకాల చాకిరీ అని ఆ చుక్కలు చెబుతాయి. పెళ్లి మేళంలో ఈ లెక్క ఎవరు వేశారు?

అబ్బాయి తిరిగి వెళ్లిపోయాడు. పెట్టె ఇక్కడే ఉండిపోయింది. మరుసటి ఏడాది, 2012లో, కరెంటు కొరత మూలంగా ఉమ్మడి రాష్ట్రంలో పరిశ్రమలకు పవర్ హాలిడేలు వచ్చిపడ్డాయి. వారంలో కొన్ని రోజులు పాశమైలారం మూగబోయేది. పని లేని రోజుల్లో తమ్ముడు మా ఇంటికి వచ్చి అరుగు మీద ఊరికే కూర్చునేవాడు. ఒకనాడు లోపల నేను బేస్ గిటారు పట్టుకొని తంటాలు పడుతున్నాను. పాట క్వీన్ బృందానిది, 'అనదర్ వన్ బైట్స్ ద డస్ట్'. 2009లో ఆ బృందం పాటలు పది ఒక మూటగా వచ్చాయి, వాటిలోది. 1980 నాటి ఈ పాటను రాసినవాడు ఆ బృందపు బేస్ వాద్యకారుడు జాన్ డీకనే. అందులో బేసే ముందు నడుస్తుంది. గిటారు అప్పుడప్పుడు వచ్చి పలకరించి పోతుంది.

నేను తప్పాను. ఈ ఆటలో తప్పితే ఆ వాద్యం ధ్వని మాత్రమే ఆగిపోతుంది, మిగిలినవి మోగుతూనే ఉంటాయి. అందుకోసమే పాటను వాద్యానికొక పట్టీగా విడదీసిన అసలు రికార్డింగు కావాలి. అవి చేతికి అందక తొలి గిటార్ హీరోలో చాలా పాటలను వేరేవాళ్లతో మళ్లీ వాయించి పెట్టుకున్నారు. సరే, నా బేస్ ఆగింది. డ్రమ్ములు, గొంతు మాత్రం మిగిలాయి.

అరుగు మీదినుంచి తమ్ముడి మాట వినిపించింది.

"అన్నా, గది ఆగంగనే పాట బోసిగైంది, ఇన్నవా?"

ఐదేళ్లలో వాడు పాట గురించి మాట్లాడిన మొదటి మాట అది. నేను తిరిగి చూడలేదు. చూస్తే లేచిపోతాడని భయం.

మరునాడు వాడే లోపలికి వచ్చాడు. ఎడమచేత్తో మీటలు నొక్కాలి కదా, వాడికి ఆ చేత రెండు వేళ్లు, బొటనవేలు మాత్రమే ఉన్నాయి. అన్నిటికంటే సులువైన స్థాయిలో మూడు రంగులే వస్తాయి కనుక వేళ్లను జరుపుకుంటూ కొంత లాగాడు, తర్వాత విసిగి కింద పెట్టేశాడు. ఫోనులో ఈ సంగతి చెబితే మా అబ్బాయి నవ్వాడు. "నాన్నా, ఎడమచేతివాటం వాళ్ల కోసం ఒక ఏర్పాటుంది. గిటారు తిప్పి పట్టుకోమనండి కాకను" అన్నాడు. అది మార్చగానే తెర మీద రంగుల వరుస తిరగబడింది. ఇప్పుడు మీటలన్నీ కుడిచేతివి, మీటడం ఎడమచేతి పని. మీటడానికి బొటనవేలొక్కటి చాలు. క్లారినెట్టుకు ఈ వెసులుబాటు లేదు. ప్లాస్టిక్ గిటారుకుంది.

వాడు బేస్ వదల్లేదు. గిటారు తీసుకోరా అన్నా వినలేదు. కారణం నాకు తర్వాత తెలిసింది. తప్పు లేకుండా వరుసగా వాయిస్తూ పోతే గిటారుకు, డ్రమ్ములకు ఒక్కో స్వరం విలువ నాలుగు రెట్ల దాకా పెరుగుతుంది. బేస్‌కు మాత్రం ఆరు రెట్లు. "ఎవలు ఇనని దానికి లెక్క ఎక్కువేసిండ్రు. చేసినోడు ఎప్పుడో మ్యాళంల ఉన్నోడే అయుంటడు" అని వాడి సిద్ధాంతం. ఇంకో నియమం వాడికి మరీ నచ్చింది. ఆడేవారిలో ఒకరు బొత్తిగా తప్పి పడిపోతే, మిగిలినవాళ్లు కూడబెట్టుకున్న శక్తిని ఖర్చుపెట్టి వాణ్ని తిరిగి పాటలోకి లాగవచ్చు. అయితే ఒకే మనిషిని రెండుసార్లు మాత్రమే. మూడోసారి పడితే లేపలేరు. డ్రమ్ముల మీద నేను పడిపోతూ ఉంటే వాడు లేపుతూ ఉండేవాడు.

మైకు మా మరదలికి దక్కింది. ఆవిడకు ఇంగ్లీషు రాదు. రానక్కరలేదని త్వరలోనే తేలింది. పాట భాగాల్లో యంత్రం చూసేది శ్రుతినే కాని మాటలను కాదు. పైస్థాయిలో పాడినా కిందిస్థాయిలో పాడినా ఒప్పుకుంటుంది. ఆవిడ బతుకమ్మ పాటల గొంతుతో ప్రతి పాటనూ 'ఆ' అంటూ లాగి మా ఇద్దరికంటే ఎక్కువ మార్కులు తెచ్చుకునేది.

2013 ఏప్రిల్ 2న ఆ వారంవారీ పాటల వరుస డాన్ మెక్లీన్ 'అమెరికన్ పై'తో ముగిసింది. ఐదేళ్లకు పైగా వారం తప్పకుండా వచ్చిన పాటలవి. అబ్బాయి ఖాతా మీద దాన్ని దింపుకున్నాము. ఎనిమిదిన్నర నిమిషాల పాట. మొదట గొంతు, తోడుగా కొద్దిపాటి వాద్యం. డ్రమ్ముల ముందు కూర్చున్నవాడు కర్రలు పట్టుకొని తన వంతు కోసం ఎదురుచూడాలి. నేను విసుక్కుంటే తమ్ముడన్నాడు, "ఊకె కూసునుడు గూడ వాయించుడేనే అన్నా." మేళంలో పనిచేసినవాడికే తెలిసే మాట.

తర్వాత 2015లో రాక్ బ్యాండ్ 4 వచ్చి పాటలు మళ్లీ మొదలయ్యాయి. 2024 జనవరిలో అవీ ఆగిపోయాయి. అదే ఏడాది జూలై 29న మా పాత యంత్రపు అంగడి కూడా మూతపడింది. అన్నేళ్లలో వచ్చిన వేల పాటలలో నేను వెతికినంతవరకు తెలుగు పాట ఒక్కటీ కనిపించలేదు. మన పాత సినిమా పాటలలో చాలావాటిని వాద్యబృందమంతా ఒకే హాలులో కూర్చుని ఒకేసారి వాయించి పాడి రికార్డు చేశారు. వాద్యానికొక పట్టీ అనేది వాటికి అసలు లేనే లేదు. కలిసిన నీళ్లను మళ్లీ ఏ బిందె నీళ్లు ఆ బిందెలో పోయలేము కదా.

ఇప్పుడు అదీ కొంతవరకు సాధ్యమేనట. ఫేస్‌బుక్ పరిశోధకులు 2019లో డెమ్యూక్స్ అనే సాఫ్ట్‌వేరును ఉచితంగా ఇచ్చారు. పాటనిస్తే గాత్రం, డ్రమ్ములు, బేస్, ఇతరములు అని నాలుగుగా విడదీస్తుంది. ఔత్సాహికులు చేసిన క్లోన్ హీరో అనే ఉచిత ఆట 2017 నుంచి ఉంది. అందులో ఎవరి పాటకు వారే రంగుల బిళ్లలు పేర్చుకోవచ్చు, పాత గిటారునే కంప్యూటరుకు తగిలించుకోవచ్చు. మొన్నటి సెలవుల్లో అబ్బాయి వచ్చినప్పుడు బీరువాలోంచి ఒక క్యాసెట్టు తీసి ఇచ్చాను. 1986లో నా పెళ్లి బారాత్‌లో ఎవరో టేపు రికార్డరులో పట్టినది. అప్పటికి తమ్ముడికి ఇరవై ఏళ్లు.

నాలుగు పట్టీలు వచ్చాయి. డ్రమ్ముల పట్టీలో సైడ్ డ్రమ్ము, తాషా చాలా శుభ్రంగా వచ్చాయి. బేస్‌లో ఏదో గుమగుమలాడే హోరు. గాత్రంలో, పాడినవాళ్లెవరూ లేరు కనుక, జనం మాటలు చేరాయి. అందులో మా అమ్మ "జరుగుండ్రి, జరగరా బిడ్డా" అని ఎవరినో అదిలిస్తున్నది. అమ్మ పోయి పదకొండేళ్లు. తమ్ముడి క్లారినెట్టు ట్రంపెట్టుతో కలిసి 'ఇతరములు'లోకి పోయింది.

ఆ పేరు చూసి నాకు ప్రాణం చివుక్కుమంది. వాడికి చదివి వినిపించకుండా దాటవేద్దామనుకున్నాను. వాడే తెర మీద చూసి, అర్థమడిగి తెలుసుకుని, "మంచిదే. మనది గదే ఖాతా" అన్నాడు.

ఆ పట్టీకి అబ్బాయి మూడు రోజులు కూర్చుని బిళ్లలు పేర్చాడు. ఏది క్లారినెట్టో, ఏది ట్రంపెట్టో పక్కన కూర్చుని తమ్ముడు చెప్పాడు. మొత్తానికి ఒక సాయంత్రం వాడు గిటారు తిప్పి పట్టుకొని తన పాటను తాను వాయించబోయాడు. పల్లవి దాటింది. చరణం మొదట్లో తప్పాడు. వెంటనే క్లారినెట్టు ఆగిపోయింది. డ్రమ్ము, తాషా, జనం గోల, మా అమ్మ అదిలింపు మాత్రం మిగిలాయి. గది ఒక్కసారిగా వెలితి పడింది. ఒకటి రెండు క్షణాలే. మరుసటి బిళ్లను అందుకోగానే ఇరవై ఏళ్ల తమ్ముడు మళ్లీ మోగాడు.

పాట అయ్యాక వాడు గిటారు ఒళ్లో పెట్టుకొని నావైపు తిరిగాడు.

"ఇన్నవా అన్నా, నేనాగితే ఎట్లయిందో?"

"విన్నాను తమ్మీ" అన్నాను.

అంతకంటే ఏమనాలో నాకు తోచలేదు. వాడు మాత్రం ఆ పాట మళ్లీ పెట్టించుకుని ఇంకో రెండుసార్లు వాయించాడు. రెండోసారి చరణం దగ్గర కావాలనే ఆగాడని నా అనుమానం.

మీ ఇళ్లలో పెళ్లినాటి క్యాసెట్లు ఏవైనా మిగిలి ఉంటే పారవేయకండి. వాటిలో ఎవరెవరు 'ఇతరములు'గా ఉన్నారో ఒకసారి విని చూడండి. వాళ్లలో ఎవరైనా బతికి ఉంటే, పిలిచి వినిపించండి.