కెంప్ దూకిన గోడ

లండన్ లివర్‌పూల్ స్ట్రీట్‌లో రైలెక్కితే నారిచ్‌కి దాదాపు రెండు గంటల ప్రయాణం. 1600లో విల్ కెంప్ అనే నటుడు ఆ ఊరికి గెంతుతూ వెళ్లాడు. నిజంగానే, కాళ్లకి గజ్జెలు కట్టుకుని, లండన్ నుంచి నారిచ్ దాకా.

రైల్లో చెవులకి 'కెంప్స్ జిగ్' తగిలించుకున్నాను. నిమిషం కూడా నిండని బాణీ. జాన్ ప్లేఫోర్డ్ 1651లో అచ్చేసిన నాట్యాల పుస్తకంలో కనిపిస్తుంది. అంటే యాత్ర జరిగిన యాభై ఏళ్లకి కూడా జనం ఆ పేరుతో చిందేస్తూనే ఉన్నారన్నమాట.

కెంప్ షేక్‌స్పియర్ బృందంలో హాస్యగాడు. నాటకం అయిపోయాక ఆడి, పాడి, నవ్వించి పంపే చిన్న ఆటని అప్పట్లో జిగ్ అనేవారు. అందులో ఇతనికి తిరుగులేదు. మన తోలుబొమ్మలాటలో కేతిగాడిని తలుచుకుంటే చాలు, మనిషి కళ్లకి కడతాడు. 1599లో బృందాన్ని వదిలేశాడు. మరుసటి ఫిబ్రవరిలో పందేలు కాసి మరీ బయల్దేరాడు. వెంట థామస్ స్లై. ఎడమచేత్తో మూడు రంధ్రాల పిల్లనగ్రోవి ఊదుతూ కుడిచేత్తో చిన్న డోలు వాయించేవాడు. మన సన్నాయి మేళంలో ఇది ఇద్దరి పని!

ఆడింది తొమ్మిది రోజులే. మధ్యలో విశ్రాంతులూ, మంచు కురిసి ఆగిపోవడాలూ కలిసి దాదాపు నెల పట్టింది. ఆ కథంతా కెంప్ అదే ఏడాది పుస్తకంగా వేశాడు. దాంట్లో నాకు బాగా నచ్చింది సడ్‌బరీ ఘట్టం. రైలు ఆ ఊరిని తాకదు, పక్కనుంచి వెళ్లిపోతుంది. అక్కడొక కసాయి, బలిష్ఠుడే, నీతో కలిసి బరీ అనే ఊరి దాకా ఆడతానన్నాడు. అర మైలు కూడా దాటకుండానే చేతులెత్తేశాడు. చూస్తున్న పల్లెటూరి పిల్ల వాణ్ణి కడిగిపారేసి, తానాడతానంది. కెంప్ ఆమెకి గజ్జెలు ఇచ్చాడు. పొట్టి కాళ్లకి అవి కట్టుకుని, లంగా ఎగదోపి, మెల్‌ఫర్డ్ దాకా మైలు దూరం ఆడుతూ వెళ్లింది. ఆమె పేరు మాత్రం రాసుకోలేదు మహానుభావుడు.

నారిచ్‌లో మా మేనకోడలు స్టేషన్‌కి వచ్చింది. నేరుగా సెయింట్ జాన్ మాడర్‌మార్కెట్ చర్చికి నడిచాం. మాడర్ అంటే ఎర్రరంగుకి వాడే మంజిష్ఠ. నేతగాళ్ల ఊరు కదా, ఒకప్పుడు అది అమ్మిన సంత. కిక్కిరిసిన జనాన్ని తప్పించుకోడానికి కెంప్ ఈ చర్చి ఆవరణ గోడ మీంచే దూకాడు. మేయర్ అతనికి బతికినంతకాలం ఏడాదికి నలభై షిల్లింగులు ఇస్తానన్నాడు. ఆడిన జోళ్లని గిల్డ్‌హాల్ గోడకి కొట్టి వేలాడదీశారు.

చెకుముకిరాళ్ల గోడని చేత్తో తడిమాను. చల్లగా, గరుగ్గా ఉంది.

"దూకుతావా మావయ్యా?"

"నాది కసాయి వంతేనమ్మా."

నవ్వి, నా ఫోన్ లాక్కుని బాణీ పైకి పెట్టింది. రెండోసారి మొదలయ్యేసరికి దాని మడమ రాతిబాట మీద తాళం వేస్తోంది. నేను సంచీ కింద పెట్టాను.