ముందు నడచినవారి మాట



గడచిన మాఘమాసమున మా యింటివారి పూర్వశిష్యురాలొకతె మమ్ము చూడవచ్చెను. బడిపట్టీలో నామెది మగపేరు. మనసు మాత్రము నాడును నేడును స్త్రీదే. హైదరాబాదులో శస్త్రచికిత్స చేయించుకొనుటకు నిశ్చయించుకొని గురువుగారి దీవెనకై వచ్చినది. కన్నతల్లి ఆసుపత్రికి రానన్నదట. అట్టి చికిత్సయే పూర్వము పొందిన యొక పెద్దామె తోడు వచ్చెను. పిల్ల యామెను “అక్కా” యని పిలుచుచుండెను.

మేము భారతము చదివినవారము. శిఖండి కథయు, బృహన్నల కథయు చెప్పి ధైర్యము కలిగింపబోతిమి. పిల్ల వినయముతో విన్నదే కాని ముఖమున భయము తగ్గలేదు. అంతట నా యక్క సంచినుండి నోటుపుస్తకమొకటి తీసెను. హార్మోను మందులు ముందుగా మానవలెనా యని వైద్యునడుగుట, ఇల్లు చేరినపిదప నెన్నివారములు బిందె యెత్తరాదో తెలిసికొనుట, రాత్రి నొప్పివచ్చిన నెవరిని పిలుచుట, వంట యెవరు చేయుట — అన్నియు నందు వ్రాసియున్నవి.

“మూడవనాడు నాకు నేడుపు వచ్చినది, ఎందుకు చేయించుకొంటినా యనిపించినది. తరువాత కుదుటబడితిని. నీవు దినము మార్చుకొన్నను, వద్దనుకొన్నను తప్పులేదు” అని యామె చెప్పగా పిల్ల తొలిసారి నవ్వెను.

మాకు మా తొలికాన్పు జ్ఞప్తికి వచ్చినది. వైద్యురాలు చెప్పినదంతయు సత్యమే. అయినను పొరుగింటి పిన్నిగారు “నాకును అట్లే యుండెనమ్మా” అన్నపిదపనే మాకు నిద్రపట్టినది.

హిజ్రాల కూటములలో నిర్వాణమైనవారికి తోడివారు బాలింతకువలె నలువది దినములు పరిచర్యచేసి, పిమ్మట పసుపు పూసి వేడుక చేయుట పాతయాచారమే. పుట్టింటివారు విడిచిన పనిని వారే తలకెత్తుకొనిరి. 2014లో సుప్రీముకోర్టు, లింగగుర్తింపునకు శస్త్రచికిత్స షరతు కారాదని తీర్పిచ్చినది. 2021లో హైదరాబాదున మిత్ర్ క్లినిక్కు తెఱువగా, అందు ట్రాన్స్‌జెండరు వ్యక్తులే తమవారికి సేవచేసిరి. అమెరికా ధనసహాయము ఆగిపోగా 2025 జనవరిలో నది మూతపడినది. ధన మాగిన తలుపులు మూతపడవచ్చును. అనుభవించినవారి మాటకు మూత లేదు.

అయినను భారమంతయు వారిమీదనే మోపుట మనకు తగునా? అక్క చెప్పగల మాట మేము చెప్పలేము. కాని చారు కాచుట మాకు వచ్చును గదా!

ఆ పుస్తకములో “వంట” అన్నచోట రెండవవారము ఖాళీగా నుండెను. అచట మా పేరు వ్రాసికొమ్మంటిమి.