నిలువెత్తు బంగారం... అడవి తల్లికి!

రెండేళ్లకోసారి మాఘ పున్నమి దగ్గరపడుతుంటే మేడ్చల్, శామీర్‌పేట వైపు కూడా తెలంగాణ ఊళ్లన్నింట్లోలాగే తక్కెడలో మనుషులు కూర్చుంటారు. ఒకవైపు మనిషి, రెండోవైపు బెల్లం! తూకం సరిపోతే ‘నిలువెత్తు బంగారం’ సిద్ధమైనట్టే. అది చేరాల్సింది ములుగు అడవుల్లోని మేడారానికి... కోయల ఆడబిడ్డ సమ్మక్క చెంతకు.

ఔటర్ రింగు రోడ్డు మీదుగా ఘట్‌కేసర్‌లో దిగితే వరంగల్ దారి. అది దాటాక ములుగు, పస్రా, తాడ్వాయి. ఆపైన అంతా అడవే.

శామీర్‌పేట చెరువు పక్క నుంచి ఉత్తరానికి పోయే రాజీవ్ రహదారి కూడా ఈ కథకు పరాయిది కాదు. ఆ దారిలో కరీంనగర్ దాటి వెళ్తే జగిత్యాల ప్రాంతంలో పొలవాస ఉంది. దాన్నేలిన మేడరాజుకు వేటలో పులుల మధ్య ఆడుకుంటూ దొరికిన పసిపాపే సమ్మక్క అంటారు. పెరిగి పెద్దయ్యాక మేడారం దొర పగిడిద్దరాజును పెళ్లాడింది. కరవొచ్చి కప్పం కట్టకపోతే కాకతీయ ప్రతాపరుద్రుడి సేన దండెత్తింది. పగిడిద్దరాజు, కూతుళ్లు సారలమ్మ, నాగులమ్మ, అల్లుడు గోవిందరాజు నేలకొరిగారు. కొడుకు జంపన్న దూకిన సంపెంగవాగు జంపన్నవాగైంది. గాయపడిన సమ్మక్క చిలకలగుట్ట వైపు వెళ్లి మాయమైంది. వెదికినవాళ్లకు కుంకుమ భరిణె మాత్రమే కనిపించిందట.

గెలిచిన కాకతీయులకు వరంగల్‌లో రాతి తోరణాలున్నాయి. ఓడిన సమ్మక్కకు విగ్రహమైనా లేదు. గద్దె, వెదురు, కుంకుమ భరిణె... అంతే! అయినా 4 రోజుల జాతరకు వచ్చేవారు కోటి దాటతారని అంచనా. మొదటిరోజు కన్నెపల్లి నుంచి సారలమ్మ, మర్నాడు చిలకలగుట్ట నుంచి సమ్మక్క గద్దెలకు చేరతారు. సమ్మక్క గుట్ట దిగే వేళ పోలీసులు గాల్లోకి తుపాకులు పేల్చి స్వాగతం చెబుతారు. రాజును ఎదిరించిన తల్లికి సర్కారు వందనమన్నమాట! 1996లో రాష్ట్ర పండుగైనా, పూజలు మాత్రం కోయ పూజారులవే.

ఇన్నాళ్లూ ఈ కథను మోసింది శాసనాలు కాదు, కోయ డోలి కళాకారుల పాట. కంచుతాళంతో సమ్మక్క కథను పాడిన సకిని రామచంద్రయ్యకు 2022లో పద్మశ్రీ వచ్చింది. 2024లో ఆయన కన్నుమూశారు. అలాంటి గొంతులు ఒక్కొక్కటే ఆగిపోతుంటే జాతర మిగిలినా కథ మూగబోతుంది.

బెల్లం తూచి మొక్కు తీర్చుకోవడం తేలికే. ఆ పాటను రేపటి పిల్లలు కూడా నేర్చుకుంటే, అమ్మకు అంతకు మించిన బంగారం ఏముంటుంది?