క్రొత్త లోకమున కాపురము

కాపురమునకు ఊరు నెన్నుకొను స్వేచ్ఛ మనలో పెక్కుమందికి లభింపదు. పెద్దలు కుదిర్చిన సంబంధమునుబట్టి యొక ఊరు, ఉద్యోగమునుబట్టి వేఱొక ఊరు ప్రాప్తించును. మా యింటివారి యుద్యోగము మూడేండ్ల కొకమాఱు స్థలము మార్చునట్టిది, కావున "మీ దే ఊరు?" అని యెవరైన నడిగినచో మా పిల్లలకు వెంటనే యుత్తరము తోచదు. అట్టివారికి ఈ వేసవి సెలవులలో ఒక లోకమునే మొలిపించుకొని, నచ్చినచో నిలుచుటకును, నచ్చనిచో చెరిపివేయుటకును అధికారము దొరకినది. మైన్‌క్రాఫ్ట్ అను వీడియో క్రీడయందలి యొక క్రొత్త లోకమునకు వారితో మేమును పోయితిమి. అచ్చట చూచినదియు, నిలుచుటయా మానుటయా యని తర్కించుకొన్నదియు సోదరీమణులకు విన్నవింతుము.

ఈ క్రీడ స్వీడను దేశమునందలి మోజాంగ్ అను సంస్థవారిచే 2011 సంవత్సరమున సంపూర్ణరూపమున వెలువడినది. 2014లో మైక్రోసాఫ్టువారు ఆ సంస్థను కొనిరి. ఇందలి కొండలను, నదులను, అడవులను ఎవరును కూర్చుండి చిత్రించలేదు. ఒక సంఖ్య నిచ్చినచో యంత్రము దానినిబట్టి గణితముచే నేలను పఱచును. ఆ సంఖ్యకు సీడు, అనగా విత్తనము, అని పేరు. క్రీడయొక్క కూర్పు మాఱకున్నంతవఱకు ఒకే విత్తనమునుండి యెన్నిమాఱులైనను ఒకే లోకము మొలచును. సర్వమును మీటరు కొలతగల దిమ్మలతో నిర్మితము. కంప్యూటరు కూర్పునందు ఈ లోకము ఒక యంచునుండి రెండవ యంచునకు ఆఱు కోట్ల దిమ్మల వెడల్పు గలది. మన భూమి చుట్టుకొలత నాలుగు కోట్ల మీటర్లు మాత్రమే. ఇంత విశాలమైన చోట నిలువనీడకై ఒక్క తావును వెదకికొనవలెను!

మేము దిగినది పచ్చిక బయలు. ఒకవైపున గొఱ్ఱెలు మేయుచుండెను; వేఱొకవైపున ఓకు చెట్ల తోపు; ఎదుట నొక యేఱు; ఏటి కావల నొక చిన్న పల్లె. అచ్చటి దినము మనకు 20 నిమిషములు. అందు పగలు పది నిమిషములే. పొద్దు వాలకమునుపే చెట్టు కొట్టి పలకలు చేసి, మూడు గొఱ్ఱెల ఉన్నిని మూడు పలకలతో జేర్చి మంచ మమర్చుకొంటిమి. అటుపిమ్మట స్థలపరీక్షకు బయలుదేరితిమి.

సుమతీ శతకకారుడు నివాసయోగ్యమైన ఊరికి లక్షణములు చెప్పుచు, అక్కఱకు సొమ్మిచ్చువానిని, వైద్యుని, ఎండని యేటిని పేర్కొనెను. మేము నాకొలతయే పట్టితిమి. ఏఱు కన్నులయెదుటనే యున్నది. ఒక్క నీటిదిమ్మ నలువైపుల నాలుగేసి దిమ్మల దూరము నేలను తడుపును. కావున నడుమ నొక నీటిగుంట నుంచి చుట్టును 80 మడులు సేద్యము చేయవచ్చును. సొమ్ము మాటకు వచ్చినచో, ఆ పల్లెలోని రైతు 20 గోధుమ కట్టలకు ఒక పచ్చరాయి నిచ్చును. అచ్చటి బేరములకు పచ్చలే నాణెములు. వైద్యుడు మాత్రము లేడు. కాని కడుపునిండ దిన్నచో గాయములు వానియంతట మానును. గృహిణులకు ఈ వైద్యము క్రొత్త కాదు. కొండ చఱియలో బొగ్గు నల్లని చుక్కలవలె గనబడుచుండెను. వజ్రములు చాల లోతున నుండును. వాని తొందర మాకు లేదు.

అయినను మా చిన్నవానికి మనసు నిలువలేదు. ఈ క్రీడయందు 2023లో గులాబిరంగు పూవుల చెఱ్ఱీ తోపులను చేర్చిరి. వాడు కోరిన దట్టి కొండ. "అక్కా, దీనిని చెరిపివేయుదము. నిమిషములో వేఱొకటి వచ్చును" అనెను. "వచ్చినది నచ్చకున్న?" అని పెద్దది యడిగెను. "అదియు చెరుపుదము." అంతట నామె, "మనలను కదలుమని యెవరును చెప్పని ఊ రిదొక్కటే కదా, తమ్ముడూ! దీనినికూడ మనమే విడువవలయునా?" అనెను. మేము మాటాడక యుంటిమి.

ఇంతలో చీకటిపడెను. ఆ లోకమున బాటసారి చుట్టునున్న మేర మాత్రమే మేలుకొని యుండును. దూరమున నున్నది నిద్రించినట్లు నిలిచియుండును. మేము చేరునంతవఱకు ఆ పల్లెకు రాత్రియు లేదు, భయమును లేదు. మేము వచ్చుటతోనే జాంబీలును వచ్చినవి. మనవారి మాటలో నడపీనుగులు. ఊరి కావలికి ఇనుప మనిషి యొకడున్నను, అన్ని సందులయందును ఉండలేడు గదా! సంధ్యవేళ లెక్కించిన యెనిమిదిమంది గ్రామస్థులలో మఱునాటి యుదయమున ఏడుగురే కనబడిరి.

చిన్నవాడు చెరిపివేయు మాట మఱల నెత్తలేదు. కొండకు బోయి బొగ్గు త్రవ్వెను. ఒక బొగ్గును ఒక పుల్లను జేర్చిన నాలుగు దివిటీలగును. నేటి కూర్పునందు దీపపు వెలుగు ఇంచుకయైన సోకినచోట నడపీనుగులు పుట్టవు. అక్కయు తమ్ముడును ఇంటింటి వాకిటను, బావికడను దివిటీలు నిలిపి, ఊరిచుట్టును కంచె కట్టిరి. రెండవ రాత్రి గడచిన తరువాత లెక్కింపగా ఏడుగురును ఉండిరి.

అప్పుడు మాకు విషయము స్పష్టమైనది. విత్తనసంఖ్యను వ్రాసి దాచికొన్నచో ఆ కొండను, ఆ యేటిని, ఆ పల్లెను ఎప్పుడైనను మఱల మొలిపింపవచ్చును. కాని వారు దున్నిన మడి మొలవదు. నిలిపిన దివిటీ మొలవదు. భూమి ఎంత మంచిదను ప్రశ్న మొదటి దినమునకే చెల్లును. మన చేతిపని దానిలో ఎంత నిలిచినదను ప్రశ్న రెండవ దినమునుండి మొదలగును. ఊరు మంచిదగుటచే నిలుచుట కొంత, నిలుచుటచే ఊరు మంచిదగుట కొంత.

అచ్చటనే కాపురమని నిశ్చయించితిమి. చెఱ్ఱీ తోపు కొఱకు లోకమును మార్చనక్కఱలేదు. దూరప్రయాణము చేసి మొక్కను తెచ్చి యింటిముందు నాటవచ్చును. చిన్నవాడు దానికై దారిబత్తెముగా రొట్టెలు కూర్చుకొనుచున్నాడు. మా యింటికి బదిలీ యుత్తరువు ఎప్పటివలె మఱల వచ్చును. అప్పుడు గిన్నెలతోపాటు కంప్యూటరును మూటకట్టుదుము. ఆ పల్లె యందే యుండును.

సోదరీమణులారా, మీ పిల్లలును ఇట్టి లోకములకు పోవుచున్నచో, ఒక సాయంకాలము వారివెంట బోయి, ఎచ్చట నిలిచిరో, ఏల నిలిచిరో యడుగుడని మా మనవి.