గుంటడంటే ఏంటి నాన్నా?

మా తమ్ముడి కూతురు వేసవి సెలవుల్లో జర్మనీ వెళ్ళి, ఓ కుటుంబంతో ఉండి భాష నేర్చుకొచ్చింది. “క్లాసులో కంటే అన్నాల దగ్గరే ఎక్కువొచ్చింది పెదనాన్నా” అంది.

మా శ్రీకాకుళమోళ్ళకి ఇది కొత్తేం కాదులెండి. 1863లో పర్వతాలపేటలో పుట్టిన గిడుగు రామమూర్తి గారు పర్లాకిమిడిలో మేష్టరుగా ఉంటూ, సవర తెలిసిన మనిషిని ఇంట్లోనే పెట్టుకుని ఆ భాష నేర్చుకున్నారు. మన్యం తిరిగి, జ్వరానికి క్వినైన్ మింగీ మింగీ చెవుడు తెచ్చుకున్నారు. 1931లో సవర వ్యాకరణం, 1938లో నిఘంటువు వచ్చాయి.

మరి నేనో? ఆఫీసులో నవ్వుతారని ‘ఏటి’ని ‘ఏంటి’ చేసేశాను. ఇంట్లోనూ అదే. మొన్న నరసన్నపేట నుంచి అమ్మ ఫోన్లో “గుంటడేటి సేస్తన్నాడ్రా?” అంది. స్పీకర్లో విన్న మావాడు “గుంటడంటే ఏంటి నాన్నా?” అన్నాడు. నువ్వేరా అని చెప్పడానికి గొంతు పెగల్లేదు.

పరాయి మాటకి ఆయన ఇంట్లో చోటిచ్చారు. సొంత మాటని నేను గెంటేశాను. ఈ వేసవికి మా గుంటణ్ణి అమ్మ దగ్గరికి పంపిస్తన్నాను.