అమ్మీ కొనిపించిన డిస్క్

మా ఇంట్లోకి కిరాయికి వచ్చిన సినిమా సీడీలకు లెక్కే లేదు. కొన్నది మాత్రం ఒక్కటే: 2005 నాటి హైదరాబాదీ సినిమా 'ది అంగ్రేజ్'. అమ్మీ పట్టుబట్టి కొనిపించింది.

నేను చదివింది ఉర్దూ మీడియం. 'నక్కో', 'హౌ' అంటే ఉస్తాద్ సాబ్ కసిరేవారు, సహీ జబాన్ మాట్లాడమని. అమ్మీకి వచ్చిందే ఆ 'నక్కో' జబాన్. చదువుకున్న మెహమాన్లు వస్తే నోరు విప్పేది కాదు. హిందీ సినిమాల్లోనూ మన యాస నవ్వించే నౌకర్ల నోటే పలికేది, 'గుమ్‌నామ్' (1965)లో మెహమూద్‌లాగా.

'అంగ్రేజ్'లో ఇస్మాయిల్ భాయ్, సలీం ఫేకూ, చార్మినార్ దగ్గర చేరే ఆ దోస్తులంతా బేఫికర్‌గా దక్కనీయే మాట్లాడతారు. అమ్మీ నవ్వీ నవ్వీ కళ్లు తుడుచుకుంది. "అరే, యే తో హమారీచ్ బాతాఁ హై!" అంది.

జిద్దాలో ఉండే భాయీజాన్ ఛుట్టీ అయిపోయి వెళ్తూ, అచార్ డబ్బా పక్కన ఇంకో డిస్క్ సర్దుకున్నాడు. అక్కడే పుట్టిన ఆయన పిల్లలు ఫోన్‌లో దాదీతో తొలిసారి 'నక్కో' అన్నారంటే దాని మెహర్బానీయే.

ఇప్పుడు నా లాప్‌టాప్‌లో డిస్క్ పెట్టే చోటు లేదు. అమ్మీ ఇంతకాల్ అయి నాలుగేళ్లు. నా పిల్లలు 'హాఁ' అంటారు. నేను 'హౌ' అనే అంటాను, మెహమాన్ల ముందు కూడా.